అమ్మ చెవిలో పెద్దమనిషి

మా ఇంట్లో నాన్న కంటే, నానమ్మ కంటే ఎక్కువ పెత్తనం చేసినవాడు ఒకడుండేవాడు. బియ్యపు గింజంత ఉంటాడట. అమ్మ కుడిచెవిలో కాపురం.

నేను పుట్టకముందు అమ్మకు చెవిలో చీము పట్టి, అది లోపలి చిన్న ఎముకల్ని తినేసింది. పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఆ రోజుల్లో కొందరికి చనిపోయినవాళ్ల చెవి ఎముక తీసి పెట్టేవాళ్లు. తనకు పెట్టింది కూడా అదేనని అమ్మ ఇంటికొచ్చి చెప్పింది. ఎవరిదో తెలియదు. మగమనిషిదని, అందులోనూ మహా కోపిష్టిదని మాత్రం ఆమెకు గట్టి నమ్మకం.

నానమ్మ నోరు బాలానగర్ ఫ్యాక్టరీ సైరన్‌తో పోటీ పడేది. ఆమె తిట్లకు దిగగానే అమ్మ తల వంచుకుని, "నన్ను ఎంతన్న అను అత్తమ్మా, నేను పడ్త. లోపల పెద్దమనిషి ఇంటున్నడు. ఆయనతోని జర పైలం," అనేది. దయ్యాలంటే హడలిపోయే నానమ్మ నాలుక కరుచుకునేది. కొన్నాళ్లకు ఆమె కూడా ఉపాయం కనిపెట్టింది. తిట్టాలనిపిస్తే అమ్మ చుట్టూ తిరిగి ఎడమచెవి వైపుకు వచ్చి తిట్టేది. తిరిగొచ్చేలోపు సగం తిట్లు మరిచిపోయేది. చిన్నప్పుడు మాకు ఇంతకంటే మంచి కాలక్షేపం ఉండేది కాదు.

పెత్రమాస రోజు గుడిలో తాతముత్తాతల పేర బియ్యం ఇచ్చేటప్పుడు అమ్మ ఒక చాట ఎక్కువ సర్దేది. అది పెద్దమనిషి వాటా. నానమ్మ కిక్కురుమనేది కాదు. ఆకలితో ఉన్న దయ్యాన్ని ఇంట్లో పెట్టుకోవడం కంటే కాసిని బియ్యం పోవడమే నయం అనుకునేదేమో. "ఎవరి పేర?" అని అయ్యగారు అడిగితే అమ్మ ఆయన వైపు వంగి ఏదో గొణిగేది.

"పేరు తెల్వదంటివి గదా, ఏం చెప్పినవమ్మా?" అని నేనడిగేదాన్ని.

"తెల్వదనే చెప్పిన," అనేది. ఆ ముక్క చెప్పడానికి అంతగా వంగడం దేనికో నాకు అప్పుడు తట్టలేదు.

నానమ్మ పోయింది, నాన్న పోయాడు. అమ్మ నానక్‌రామ్‌గూడలో మాతోనే ఉంటోంది. నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తాను. ఇంట్లోనూ అదే చేస్తానని మా ఆయన ఫిర్యాదు. పోయినేడు అమ్మ కుడిచెవి వినడం మానేసింది. ఎడమది అంతకుముందే మందగించింది. కుక్కర్ విజిల్ వినపడక పప్పు మాడింది. లిఫ్టులో పలకరించిన పక్కింటావిడకు జవాబివ్వక పొగరుబోతు అనిపించుకుంది. ఆ తర్వాత మా మధ్య కూర్చుని, మేం నవ్వినప్పుడల్లా చూసి తనూ నవ్వడం మొదలుపెట్టింది. అది చూడటం నా వల్ల కాలేదు. చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను.

లోపలి ముక్క పక్కకు జరిగిందని, తీసేసి టైటానియంది పెడతానని అన్నాడాయన. ఆఫీసు అలవాటు కొద్దీ నేను పాత వెర్షన్ల సంగతి అడిగాను. ఆయనకూ హుషారొచ్చింది. మనిషి సొంత ఎముకనే చెక్కి తిరిగి పెట్టడం మొదట్నుంచీ ఉందట, ఇప్పటికీ ఉందట. చనిపోయినవాళ్లవి పెట్టి, రోగాలు అంటుతాయేమోనని మానుకున్నారట. ప్లాస్టిక్ పెడితే కొన్ని చెవులు దాన్ని కిరాయిదారుణ్ణి ఖాళీ చేయించినట్టు బయటికి నెట్టేశాయట. ఎముకలాంటి పింగాణీ కూడా వచ్చిందట. నేను ఇవన్నీ అమ్మ చెవిలో అరిచి చెప్పాను.

"బంగారం పెట్టరా?" అంది అమ్మ.

"అదీ వాడారమ్మా," అని డాక్టరు కూడా అరిచాడు.

"మరి నాకేంది ఇనుము?"

ఇనుము కాదని ఒప్పించేసరికి మా ఇద్దరి గొంతులూ పోయాయి. చివరికి అమ్మ ఒక షరతు పెట్టింది. "పాతది నా చేతిలనే పెట్టాలె. ఇన్నేండ్లు నాతోని ఉన్నడు, నీళ్లల్ల కలుపుత." మూసీ దగ్గరేగా అన్నాను. "ఆ నీళ్లల్ల ఏస్తే పెద్దమనిషి మల్ల సస్తడు," అని గండిపేట చెరువు ఖాయం చేసింది.

ఆపరేషన్ అయ్యాక, అమ్మ ఇంకా మత్తులో ఉండగానే, డాక్టరు చిన్న సీసాతో బయటికి వచ్చాడు. అందులో ఎముక లేదు. పెన్ను రీఫిల్ కొస కత్తిరించినట్టు తెల్లటి ముక్క ఉంది.

"ఇది ప్లాస్టికండి," అన్నాడు.

ఇన్నేళ్లూ మా ఇంటి పెత్రమాస బియ్యం తిన్నది ప్లాస్టిక్ ముక్క. నానమ్మ జీవితమంతా వణికింది దీనికి. ఆస్పత్రి వరండాలో పిచ్చిదానిలా నవ్వాను. అంతలోనే అమ్మ గుర్తొచ్చింది. నిజం చెబితే అమ్మకు మనిషి పోయినట్టే కదా. ప్లాస్టిక్ ముక్కను పర్సులో దాచేశాను. ఇంటికెళ్లి కోడికూరలోంచి ఒక ఎముక పలుకు ఏరి, కడిగి, అరగదీసి సీసాలో వేశాను. ఎన్నిసార్లు చూసుకున్నా నా పనిలో తప్పు కనిపించలేదు.

చెవిలో పెట్టిన దూది తీసేశాక కొన్ని వారాలకు, ఒక పొద్దున వంటింట్లో నీళ్ల ట్యాంకరువాణ్ణి నోట్లోనే తిట్టుకుంటున్నాను.

"పొద్దుగాల్నే గా మాటలేంది?" అంది అమ్మ హాల్లోంచి.

పొయ్యి ఆపి ఏడ్చాను. సంతోషం పట్టలేక, చెవి నయమయ్యాక ఇస్తానని అన్నాళ్లూ ఆపిన సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. అమ్మ దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూసింది.

"ఇది కోడి బొక్క."

"కాదమ్మా..."

"ఎన్నేండ్ల సంది వండుతున్న, నాకు తెల్వదా? ప్లాస్టిక్‌ది ఏది?"

పర్సులోంచి తీసి ఇచ్చాను.

"అప్పట్ల డాక్టరు నాకు చూపెట్టే పెట్టిండు. సచ్చినోళ్ల బొక్క పెట్టింది నా పక్క మంచమామెకు. ఆమె ముచ్చటను నేను ఇంటికి పట్టుకొచ్చిన. నువ్వు చూడకముందే ఇది నా చేతికి రావాల్నని గట్ల అన్న."

"నానమ్మ నోరు మూయించడానికా?"

"అదొకటి." అమ్మ ముక్కను అరచేతిలో దొర్లించింది. "ఆపరేషన్ అయిన ఎండకాలమే మా అమ్మ పోయింది. ఆమెకు కొడుకుల్లేరు. పెత్రమాసకు నేను బియ్యమిస్తనంటే, మా ఇంటి బియ్యం మా ఇంటోళ్లకే అన్నది మీ నానమ్మ. తెల్వని దయ్యానికైతే ఇయ్యనిచ్చింది."

అయ్యగారి దగ్గర అన్నేళ్లు గొణిగింది అమ్మమ్మ పేరు. నేనెప్పుడూ చూడని అమ్మమ్మ మీద నాకు బెంగ కలిగింది.

ఈ పెత్రమాసకు ఇద్దరం గుడికి వెళ్లాం. ఎవరి పేర అని అయ్యగారు అడగగానే అమ్మ అలవాటు కొద్దీ వంగబోయింది. నేను భుజం పట్టుకుని ఆపాను. నిటారుగా నిలబడి అమ్మమ్మ పేరు గట్టిగా చెప్పింది. వరసలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

అమ్మ ఇంకోసారి చెప్పింది.

"వినపడిందమ్మా," అన్నారు అయ్యగారు.

"మీకు ఇనపడ్డది. నేను కూడ ఇనాలె గదా," అని అమ్మ మళ్లీ చెప్పింది.