కదలకండి, అయిపోయిందండి

కాకినాడలో పడవ నడిపే మా పెద్ద మావయ్య ఎవరినైనా "అండి" అని పిలవగా నేను వినలేదు. హార్బర్ ఆఫీసర్‌ని కూడా "ఏరా" అంటాడు.

కిందటేడాది చేపల వేటకు నేనూ వెంట వెళ్లిన రోజు, పడవంత తిమింగలం ఒకటి మా వలలో చిక్కుకుంది. అది గింజుకున్నప్పుడల్లా పడవ ఒరిగిపోతోంది. తీస్తున్న వీడియో ఆపేసి అరిచాను.

"వల తాడు కోసెయ్ మావయ్యా, మునిగిపోతాం!"

"నోర్ముయ్యరా! ఇక్కడ కోస్తే వలంతా ఒంటికి చుట్టుకుని చచ్చిపోతారు ఆయన."

ఆ "ఆయన" తిమింగలమని అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. మావయ్య అప్పటికే పడవ అంచు మీంచి నడుము దాకా వంగి, దాని రెక్కకు బిగుసుకున్న వలను కత్తితో కోస్తున్నాడు.

"కదలకండి... ఇంకొంచెమే... అయిపోయిందండి."

తిమింగలం నెమ్మదిగా నీళ్లలోకి దిగి వెళ్లిపోయింది. సగం వల పోయింది.

రేవుకొచ్చి జరిగింది నేను గొప్పగా చెబుతుంటే ఒకడు మావయ్యను చూసి పకపకా నవ్వాడు.

"అయితే తిమింగలానికి క్షవరం చేసొచ్చావేంటి?"

నాకు ఒళ్లు మండి వాడి మీదికి వెళ్లబోయాను. మావయ్య నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, వాడి ముందు నిటారుగా నిలబడ్డాడు.

"చేశాన్రా. ఒక్క గాటు పడలేదు."