లారీలకు చోటు

నా భార్య లారీలన్నిటినీ ఆ శనివారం పొద్దున నేను ఒక్క బొటనవేలితో తుడిచిపెట్టాను. తప్పు నాది. మెషిన్‌ది కాదు, అప్‌డేట్‌ది కాదు, కరెంటుది కాదు. ముందు వాటి మీదికి నెట్టాలని చూశాను కాబట్టి ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను.

లారీలంటే నిజం లారీలు కావు. మా ఇంట్లో టీవీకి తగిలించిన గేమ్ కన్సోల్‌లోని లారీలు. నాకు యాభై దగ్గర పడుతున్నాయి. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో సూపర్‌వైజర్‌ని. సాయంత్రం ఇంటికొచ్చి గేములు ఆడతాను. ఇందులో నేను సిగ్గుపడేదేమీ లేదు. నా ఈడువాళ్లు ఆదివారమంతా పేక ముక్కలు పట్టుకుని పత్తాలాడి వస్తే ఎవరూ ఏమీ అనరు. సీరియళ్ల ముందు సాయంత్రాలన్నీ కూర్చున్నా ఏమీ అనరు. చేతిలో కంట్రోలర్ కనబడితే మాత్రం "గీ వయసుల గివేం ఆటలురా" అని మా అక్క మొదలుకొని పాలాయన దాకా అందరికీ బాధే. ఉండనీ. ఆ విషయంలో నేనెవరికీ సంజాయిషీ ఇవ్వను. ఇవ్వవలసింది ఇంకోటుంది.

అది తెలియాలంటే కన్సోల్ కొన్న రోజు నుంచి చెప్పాలి. సూర్యాపేటలో బస్టాండుకు దగ్గర్లో సెల్‌ఫోన్లు, గేములు అమ్మే దుకాణానికి ఇద్దరం కలిసే వెళ్లాం. నాకు కావలసిన మెషిన్‌కు రెండు రకాల డబ్బాలున్నాయి. ఒకదాంట్లో ఐదువందల పన్నెండు జీబీ, ఇంకోదాంట్లో ఒక టీబీ. పైకి రెండూ ఒకటే. లోపల పట్టే చోటులోనే తేడా.

"ఇంట్ల ఎందరు ఆడ్తరన్నా?" అని దుకాణం అతను అడిగాడు. "గేములు పెద్దగైతున్నయ్. డబ్బా మీద రాసినంత మనకు రాదు, మెషిన్ తన సొంతానికే జర తింటది. సూస్కోని తీస్కోండ్రి."

"పెద్దదే తీసుకుందామండీ" అంది నా భార్య. ఆమె పుట్టిల్లు కోదాడ, మాట కొంచెం ఆంధ్రా వైపు మొగ్గుతుంది. "ఇద్దరం ఉన్నాంగా."

నేను నవ్వాను. "ఆడేది నేనొక్కన్నే. నువ్వు లెక్కలకు రావు" అన్నాను. దుకాణం అతనూ నవ్వాడు. ఆమె తలుపులోంచి రోడ్డు వైపు చూసింది. చిన్న డబ్బా తీసుకుని వచ్చేశాం.

ఆ మాటలో నా మిల్లు బుద్ధి కూడా ఉంది. గోదాంలో ఖాళీ చోటు కనబడితే మాకు ఒళ్లు మండుతుంది, గాలికి కిరాయి కడుతున్నట్టు. వడ్లు వస్తాయి, బియ్యమై వెళ్లిపోతాయి, ఆ చోట్లోకి మళ్లీ వడ్లు వస్తాయి. గేములూ అంతేననుకున్నాను. ఒకటి ఆడటం, తీసేయడం, ఇంకోటి దించుకోవడం. ఎంత చోటు కావాలో నాకు తెలుసనుకున్నాను. ఎవరెవరికి కావాలో మాత్రం, ఆమె పక్కనే నిలబడి చెబుతున్నా, వినలేదు.

లారీల ఆట మొదట నేనే దించాను, తక్కువకు వస్తోందని. సరుకెక్కించుకుని దేశం కాని దేశాల రోడ్ల మీద ఊరూరా దించి రావాలి. ఒక సాయంత్రం ఆడి విసుగొచ్చి వదిలేశాను. ఒక మధ్యాహ్నం నేను మిల్లులో ఉండగా ఆమె దాన్ని తెరిచింది. కోదాడలో మా మామగారికి హైవే పక్కన పంక్చర్ల దుకాణం ఉండేది. ఆ దుకాణం వెనక గదిలోనే ఆమె పెరిగింది. లారీ ఆగే చప్పుడును బట్టి లోడుతో వచ్చిందో ఖాళీగా వచ్చిందో పడుకునే చెప్పేదట. పెళ్లై ఇన్నేళ్లయినా ఆ సంగతి నాకు తెలియదు. ఆట మొదలుపెట్టాక ఒకసారి మాటల్లో చెప్పింది.

మొదట కిరాయి బండి తోలింది. తర్వాత సొంతంగా ఒకటి కొనుక్కుంది. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి కొంటూ, డ్రైవర్లను పెట్టుకుంటూ, చూస్తుండగానే ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీకి ఓనరైంది. బండ్లన్నిటికీ నారింజ రంగు కొట్టి నీలం పట్టీ వేసింది. వాళ్ల నాన్న దుకాణం ముందు ఆగే ఒక పాత లారీ రంగులట అవి. మొదటి బండిని మాత్రం అమ్మలేదు. "అది ఎత్తు ఎక్కలేదు గదా, అమ్మేసి కొత్తది తీస్కో" అని నేనంటే, "మీ కారు స్టార్ట్ కాని రోజు దాన్ని అమ్మేస్తున్నారా?" అంది. అమ్మితే బోలెడంత లాభమని ఆట కూడా ఆమెకు చెబుతూనే ఉండేది. ఆట మాటా వినలేదు.

ఆ శనివారం ఆమె పొద్దున్నే కోదాడ బస్సెక్కింది, వాళ్ల చెల్లెలిని చూసి సాయంత్రానికి వస్తానని. మర్నాడు మిల్లు నుంచి ఇద్దరు స్నేహితులు క్రికెట్ గేము కొత్తది ఆడటానికి మా ఇంటికి రావాలి. దించబోతే చోటు చాలదంది మెషిన్. ఏది ఎంత చోటు ఆక్రమించిందో జాబితా చూపించింది. అన్నిటికంటే పైన నా ఫుట్‌బాల్ గేము ఉంది. దాని మీద వేలు పెట్టి, సీజన్ మధ్యలో ఉన్నానని గుర్తొచ్చి వేలు వెనక్కి తీసుకున్నాను. దాని కింద లారీల ఆట. ఆమె కూడా అందులో ఏదో లోడు మధ్యలో ఆపి వెళ్లిందని నాకు తెలుసు. తెలిసే నొక్కాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆడిన వివరాలు కూడా తీసేయాలా, ఈ మెషిన్‌లోనేనా, నెట్‌లో దాచినవాటితో సహా అన్ని చోట్లానా అని మెషిన్ అడిగింది. గోదాం ఊడిస్తే మూలలతో సహా ఊడవాలి కదా, అన్ని చోట్లా అన్నాను. క్రికెట్ దిగడం మొదలైంది. అప్పుడు తోచక పాత అంకెలూ కొత్త అంకెలూ పోల్చి చూశాను. ఆట తీసేసినందుకు బోలెడు చోటు మిగిలింది. ఆమె కంపెనీ, బండ్లు, డ్రైవర్లు, నారింజ రంగు, ఇన్ని నెలల మధ్యాహ్నాలు, అన్నీ కలిపి తీసేసినందుకు దాదాపు ఏమీ మిగల్లేదు. ఒక ఫోటో పట్టేంత కూడా లేదు. పెద్దదైన ఆటను ఎప్పుడైనా మళ్లీ దించుకోవచ్చు. చిన్నదాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మా మిల్లు వెనక ఊక గుట్ట ఎప్పుడూ బియ్యం కంటే ఎత్తుగానే ఉంటుంది. ఏది ఊకో ఏది బియ్యమో చెప్పడమే నా ఉద్యోగం. ఇంట్లో మాత్రం బియ్యం పారబోశాను.

సాయంత్రం ఆమె వచ్చి, కాళ్లు కడుక్కుని, టీవీ ముందు కూర్చుంది.

"నా బండ్లేవండీ?"

"ఏదో అప్‌డేట్ వచ్చినట్టుంది" అన్నాను.

ఆమె నా వైపు తిరగలేదు. జాబితాలో క్రికెట్ గేము కొత్తగా మెరుస్తోంది. "అప్‌డేట్ నా బండ్లు తీసుకెళ్లి మీ క్రికెట్టు పెట్టి పోయిందా? మంచి అప్‌డేటే. దానికి మీ మీద ఎంత ప్రేమో."

"మల్ల దించుకోవచ్చు గదా."

"దించుకుంటా. నా మొదటి బండి వస్తదా?"

నేను రిమోట్ అందుకుని టీవీ సౌండు తగ్గించాను.

"అడుగుతున్నా. వస్తదా, రాదా?"

"రాదు. నేనే తీసేసిన. అన్ని చోట్లా తీసేసిన."

"గొంతు ఇప్పుడొచ్చింది" అంది. నేను, ఇలాంటప్పుడు మగవాడికి తోచే తెలివైన ఆలోచన ఒకటి తోచి, "రేపటి నుంచి కారు నేర్పిస్త. నిజం బండే తోలుదువు" అన్నాను.

అప్పుడు తిరిగింది నా వైపు. "నేను కారు అడిగానా? ఆటలో తోలేది బయట తోలడం రాకనా? నాకు ఆట ఇష్టమయ్యి ఆడాను. మీరు క్రికెట్ ఆడుతున్నారుగా, మిమ్మల్ని గ్రౌండుకు పొమ్మని ఎవరన్నా అంటున్నారా?"

"గది ఉత్త ఆటనే గదా అనుకున్న."

"ఆటే. మీదీ ఆటే. మరి మీది ఎందుకు తీయలేదు?"

అప్పటికప్పుడు నా ఫుట్‌బాల్ సీజన్ కూడా తుడిచేస్తానని కంట్రోలర్ అందుకున్నాను. ఆమె దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. "మీది పోతే నాది వస్తదా? ఇంకొకటి పాడుచేసి గొప్పోడినని చూపించకండి. రేపు సూర్యాపేట పోదాం. గేములు దాచుకోవడానికి బయట తగిలించే డ్రైవ్ ఒకటి కొనాలి. ఎంతది కావాలో నేను చెప్తా."

ఆదివారం పొద్దున బండి మీద ఇద్దరం వెళ్లాం. అదే దుకాణం, అదే మనిషి. "అన్నా, అప్పుడే చెప్పిన గదా" అని నవ్వుతూ ఒక చిన్న డ్రైవ్ తీసి నా ముందు పెట్టాడు. "ఇగో, గీ చిన్నది సాలు మీకు."

"నన్ను గాదు, ఆమెనడుగు" అన్నాను. "పోయినసారి ఈమెను లెక్కలో పెట్టలే. గది నా తప్పు."

అతను ఇబ్బందిగా నవ్వి డ్రైవ్‌ను ఆమె వైపు జరిపాడు. ఆమె వరసగా అడిగింది. దీంట్లో పెట్టిన గేము దీంట్లోంచే నడుస్తుందా, ఊరికే దాచుకోవడానికేనా? పాతవి నడుస్తాయి, కొత్తవి ఆడాలంటే లోపలికి మార్చుకోవాలి అన్నాడు. మార్చడానికి ఎంతసేపు పడుతుంది? గేమును బట్టి, చాయ్ తాగి రావచ్చు అన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి చిన్నదాన్ని వెనక్కి నెట్టి పెద్దది తీసుకుంది.

"గింత పెద్దదెందుకక్కా, ఇద్దరికి?"

"ఇద్దరికీ అని మీరే అన్నారుగా" అంది. బయటికొచ్చాక నాతో చెప్పింది: "నా బండ్లు లోపల ఉంటాయి. మీ క్రికెట్, మీ ఫుట్‌బాల్ బయట ఉంటాయి. ఆడాలనిపించినప్పుడల్లా లోపలికి మార్చుకుని ఎదురుచూడండి."

ఇంటికొచ్చి ఆమె చెప్పినట్టే నా గేములన్నీ బయటి డ్రైవ్‌లోకి మార్చాను. లారీల ఆట దిగడం పెట్టాను. అది పూర్తయ్యే సమయానికి మిల్లు స్నేహితులిద్దరూ మిరపకాయ బజ్జీల పొట్లం పట్టుకుని వచ్చారు. అప్పటికి ఆమె కిరాయి లారీలో మొట్టమొదటి లోడు ఎక్కించుకుని, ఊరు కాని ఊళ్లో ఎర్ర లైటు దగ్గర ఆగి ఉంది.

"ఏందన్నా, మ్యాచ్ అంటివి. వదిన లారీ తోలుతాంది" అన్నాడు ఒకడు.

"లైసెన్సు ఉన్నదా వదినా?" అన్నాడు రెండోవాడు.

"నీ దగ్గరుందా, సోఫా మీద కూర్చోవడానికి?" అంది ఆమె, కళ్లు టీవీ మీంచి తీయకుండానే. "జరిగి కూర్చో. బండి అద్దం కనబడట్లేదు."

నేను నిలబడే చెప్పాను. వీళ్ల కోసం చోటు చేయబోయి ఆమె కంపెనీ మొత్తం తుడిచేశానని, అప్‌డేట్ అని అబద్ధం కూడా ఆడానని. ఒకడు "పోనీ తియ్యన్నా, గేమే గదా" అన్నాడు. మామూలు రోజైతే నేనూ నవ్వి అందులో కలిసేవాణ్ని.

"గేమే. గా గేము కోసమే నువ్వు బజ్జీలు పట్టుకొని ఇంత దూరమొచ్చినవ్" అన్నాను. "ఈ రోజు టీవీ ఆమెది. ఉంటే సూడుండ్రి, లేకుంటే పత్తాలాడుకోండ్రి."

వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. వెళ్లలేదు. బజ్జీల పొట్లం విప్పారు. లైటు పచ్చగా మారింది, బండి కదిలింది. మలుపు తిప్పుతుంటే వెనక ట్రాలీ రోడ్డు గట్టుకు గీసుకుంది. నోటిదాకా వచ్చిన సలహాను నోట్లోనే ఆపుకుని వంటింట్లోకి వెళ్లాను. చాయ్‌కి పాలు పొయ్యి మీద పెట్టాను.

"అన్నా, క్రికెట్ ఎప్పుడు?" అని హాల్లోంచి కేక వినిపించింది.

"ఆమె లోడు దించినంక" అన్నాను, అల్లం దంచుతూ.