నానబెట్టకుండా కోసిన ముక్కలు

సుంకన్న బండి ఆగిపోయిందని నాకు మొదట చెప్పింది జయమ్మ. మా వీధి ఊడ్చే మనిషి. పొద్దున్నే చీపురు గోడకు ఆనించి, "అక్కా, మన సుంకన్న చెత్తబండి బజార్లో ఇరుక్కుపోయిందంట. వెనకాల పలక లోపలికీ పోదు, బయటికీ రాదంట" అంది. ఆ మాట విన్న రోజు నుంచి తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అయినా మీకే చెబుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర ఎన్నిసార్లు మొదలుపెట్టి మాట మార్చానో నాకే లెక్క లేదు.

కర్నూలులో మాది చిన్న లేతు మిషను షాపు. నేను బడికి పోలేదు. నాన్నే ఇంట్లో చదువు చెప్పాడు. పొద్దున బైబిలు చదివించేవాడు. మధ్యాహ్నం వెర్నియర్ చేతికిచ్చి కొలతలు చదివించేవాడు. ఆ రెండు చదువులకూ నేటికీ దేవునికి స్తోత్రం చెబుతాను.

చెత్తబండి వెనక ఒక పెద్ద ఇనుప పలక ఉంటుంది. చెత్తను లోపలికి నెట్టి అదుముతుంది. అది రెండు పక్కలా గాడిలో జారుతుంది. ఇనుము ఇనుమును రాసుకోకుండా మధ్యలో నైలాన్ ముక్కలు పెడతారు. అరిగేది అవి, బతికేది బండి. వాటికి గ్రీజు అక్కర్లేదు. పెడితే మన ఊరి దుమ్మంతా అంటుకుని ఆకురాయిలా గాడిని తినేస్తుంది. ఆ ముక్కలు చేయడంలో నాన్నను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఆ పని నాకూ బాగా వచ్చు. ఇది గొప్పకు చెప్పడం లేదు. వచ్చి కూడా తప్పు చేశానని చెప్పడానికే చెబుతున్నాను.

నాన్న పద్ధతి ఒకటి ఉండేది. మా ఎండలకు నైలాన్ ఎండి బిగుసుకుపోయి ఉంటుంది. బండిలో పడ్డాక చెత్తనీళ్లు తాగి ఉబ్బుతుంది. అందుకని ముందే పెద్ద కాగులో నీళ్లు పోసి రోజంతా ఉడికించి, ఆ నీళ్లలోనే వారం వదిలేసి, తాగాల్సింది తాగాక అప్పుడు ఆఖరి కొలతకు కోయాలి.

నాన్న పోయాక నేను ఒంటిగా చేసిన మొదటి పని సుంకన్న బండిదే. ఆ వారం మా కాగును చర్చిలో ప్రేమవిందుకు ఇచ్చాను. దేవుని పనికి ఇచ్చాను కదా అనుకున్నాను. పక్కింట్లో ఇంకో కాగు ఉంది. అడగలేదు. ఎందుకు అడగలేదు? తొందర. నాన్న లేకపోయినా పని ఆగలేదని నలుగురికీ చూపించాలన్న తొందర. పొడి ముక్కలనే కోశాను. వెర్నియర్‌లో వెంట్రుకవాసి తేడా లేదు. ఎంత మురిసిపోయానో!

సుంకన్న వచ్చి తీసుకెళ్లాడు. గ్రీజు పెట్టొద్దని చెప్పి, టీ ఇచ్చి పంపాను. ఎండాకాలం బండి బాగానే నడిచింది. మొదటి వానలకు పలక ఇరుక్కుంది. ముక్కలు పగిలి, ఇనుము ఇనుమును కోసుకుని, గాడి చీలిపోయింది.

జయమ్మ చెప్పిన రోజు మధ్యాహ్నమే చెత్తబండ్ల కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజర్ షాపుకు వచ్చాడు. వెనకాలే సుంకన్న. సూపర్‌వైజర్ ఒక పగిలిన ముక్క నా చేతిలో పెట్టి అతని వైపు తిరిగాడు.

"ఏమప్పా, గ్రీజు కొట్టినావా లేదా? ఈమె ముందరే చెప్పు."

"లేదు సార్. అక్కే వద్దనింది. దుమ్ము పడతాదంట."

"ఓహో! రేపు డీజిల్ గూడా వద్దంటే నీళ్లు పోసి తోలుతావా? ఏమ్మా, నువ్వు చెప్పినావా ఆ మాట?"

నా చేయి అప్పటికే ఆ ముక్కను కొలిచేసింది. ఉబ్బింది. ఎంత ఉబ్బిందో కూడా తెలిసిపోయింది.

"గుర్తు లేదన్నా," అన్నాను.

"అట్లంటావేందక్కా! ఈడనే గదా, ఈ బల్ల మీద కూచోబెట్టి చెప్పినావు. టీ గూడా ఇస్తివి."

"శానామందికి శానా చెప్తాంటా సుంకన్నా. గుర్తు లేదు."

అంతే. సుంకన్న నన్ను ఒకసారి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. వారం తిరగకముందే అతన్ని బండి మీది నుంచి తీసేశారు. గ్రీజు కొట్టని సోమరి అని పేరు పడింది. ఆ పేరుతో ఇంకెవరూ అతనికి బండి ఇవ్వలేదు. ఆలూరు దగ్గర సొంత ఊరికి వెళ్లిపోయాడు.

నానబెట్టకుండా కోయడం పొరపాటు. పొరపాటుకు మనిషిని క్షమించవచ్చు. మరి "గుర్తు లేదు" అన్నది? అది పొరపాటు కాదు. అది నేను తెలిసి, నిలబడి, మెత్తగా ఆడిన అబద్ధం. అంతకంటే సిగ్గుపడేది ఇంకొకటి ఉంది. ఆ ఆదివారం చర్చిలో లేచి, నన్ను అవమానం నుంచి తప్పించినందుకు దేవునికి వందనాలు అని సాక్ష్యం చెప్పాను. ఎవరి మీదికి నెట్టి తప్పించుకున్నానో ఆయనకు తెలియదా? నాకు తెలియదా? ఆ కాంట్రాక్టరు పని ఆ తర్వాత కూడా నాకే వచ్చింది. ఏళ్ల తరబడి దాన్ని దీవెన అంటూ వచ్చాను.

పోయిన నెల ఆలూరు వెళ్లాను. సుంకన్న చేనులో కంది కట్టె కోస్తున్నాడు. గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. కాగు సంగతి, ముక్క ఉబ్బిన సంగతి, నాకు అన్నీ గుర్తున్న సంగతి. కొడవలి ఆపి విన్నాడు. "తొమ్మిదేండ్లకు గుర్తొచ్చిందా అక్కా" అన్నాడు. మళ్లీ వంగాడు. నన్ను క్షమించమని నేను అడగలేదు. అడిగితే, ఆ పని కూడా అతని నెత్తిన పెట్టినట్టు అవుతుంది. నీ పేరు పెట్టి రాయనా అని మాత్రం అడిగాను. తలెత్తకుండానే, "రాసుకోపో. ఉన్నదున్నట్టు రాయి" అన్నాడు.

తిరిగొచ్చి సూపర్‌వైజర్‌కూ చెప్పాను. "ఇప్పుడెందుకులేమ్మా అవన్నీ" అన్నాడు. అతనికి అక్కర్లేదు. నాకు కావాలి. ఇదిగో, ఉన్నదున్నట్టు రాశాను.

మీరు నన్ను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. సుంకన్నను గుర్తుపెట్టుకోండి. ఆ బండికి గ్రీజు పెట్టకపోవడమే సరైన పని. అతను ఆ పనే చేశాడు.