మైకు గారి గొంతు పోయిన రోజు

మా లాయరు గారికి మెల్లగా మాట్లాడటం చేతకాదు. నేను ఆయన దగ్గర గుమాస్తాగా చేరిన మొదటి రోజు ఆయన మంచినీళ్ళు అడిగితే, నాకంటే ముందు వీధి అవతలి టీకొట్టాయన గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కోర్టులో అందరూ ఆయన్ని మైకు గారంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒకసారి కోర్టు హాల్లో మైకు పాడైతే, "ఎందుకయ్యా బాగుచేయించడం, నేనున్నానుగా" అని బంట్రోతుకు అభయమిచ్చారు. పక్క హాల్లో బోనెక్కిన సాక్షి ఆ మాటకు ఉలిక్కిపడి, అప్పటిదాకా చెప్పిన అబద్ధం మరిచిపోయాడని చెప్పుకుంటారు.

ఇంత గొంతున్న మనిషి ఏ ఎన్నికల ప్రచారానికో పోక, నిర్లక్ష్యం వల్ల పోయినవాళ్ళ కుటుంబాల కేసులు పట్టేవారు. అలాంటివాళ్ళు మా మెట్లు చెప్పుల చప్పుడు కాకుండా ఎక్కుతారు. విషయం నా చెవిలో చెబుతారు. ఈయనేమో కిటికీ బార్లా తెరిచి, "ఎవరి నిర్వాకంవల్ల పోయాడమ్మా మీ ఆయన? ఆ పేరు గట్టిగా చెప్పు" అని వీధి వీధంతా వినిపించేలా అడుగుతారు. నాకు తల కొట్టేసినట్టుండేది. దుమ్ము వస్తోందని కిటికీ మూసేవాణ్ణి. గాలాడటం లేదని ఆయన తెరిచేవారు. నా ఉద్యోగంలో సగం ఆ కిటికీతోనే గడిచింది.

ఆయన భార్య ఓ రోజు నన్ను వాకిట్లో ఆపి, "ఆఫీసులో అయినా నోరు విప్పుతారా బాబూ? ఇంట్లో ఉప్పు కావాలన్నా చేత్తోనే చూపిస్తారు" అంది. పాపం, పెద్దావిడకు చెవుడు కాబోలనుకుని నేను గట్టిగా అరిచి జవాబు చెప్పాను. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

ఇలా ఉండగా మా బావ పోయాడు. ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మా ఆఫీసుకు ఎదురు వరుసలో ఉన్న బట్టల కొట్టువాళ్ళు మిషను ఆగిపోయిందని పిలిస్తే వెళ్ళాడు. పై అంతస్తుకు ఎక్కుతుండగా లిఫ్టు తాడు తెగింది. కర్మకాండ ముగియకముందే కొట్టు యజమాని పళ్ళ బుట్టతో, ఒక రాజీ కాగితంతో వచ్చి, సంతకం పెడితే ఖర్చులకేదో ఇస్తానన్నాడు. అక్క పెట్టబోయింది. నేను ఆపాను.

"కోర్టుకెళ్తే మొగుడి ప్రాణం అమ్ముకుందంటార్రా" అంది అక్క. ఆ మాట అనడానికే సిగ్గుపడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంతో బతిమాలి, దొడ్డిదారిన ఆఫీసుకు తీసుకొచ్చాను. ముందుగానే కిటికీ మూసి గడియ పెట్టాను.

సంగతంతా నా దగ్గర ముందే విన్న మైకు గారు వస్తూనే గడియ తీశారు. ఎదురుగా ఆ బట్టల కొట్టే.

"లిఫ్టు తాడు తెగి పోయాడా మీ ఆయన? వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టలేదు కదా? మంచి పని చేశావు. నీకూ, నీ కూతురికీ, మీ అత్తగారికీ, ఆయన మీద ఆధారపడిన అందరికీ అడిగే హక్కుంది. ఆయన సంపాదనే కాదు, ఆ పిల్లకు తండ్రి లేని లోటు కూడా లెక్కలోకి వస్తుంది. గడువు దాటకుండా వేసేద్దాం."

కొట్టులో బేరమాడుతున్నవాళ్ళంతా బయటికొచ్చి నిలబడ్డారు. అక్క బల్ల కిందకి దూరిపోయేలా వంగింది. నేను ఫైళ్ళ బీరువా వెనక్కి పోయాను. నేనే నెత్తిన ముసుగేసుకుని అక్కను ఇంటికి చేర్చాను.

ఆ సాయంత్రమే ఓ ముసలాయన మా మెట్లెక్కాడు. బట్టల కొట్టులో లిఫ్టు నడిపేవాడు. ఆ రోజు సెలవులో ఉండి బతికిపోయాడు. తాడు అరిగిందని యజమానికి తను ఎన్నోసార్లు చెప్పానని, సాక్ష్యం ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నానని, ఇప్పుడు అడ్రసు వినపడింది కనుక వచ్చానని అన్నాడు.

అక్క సాక్ష్యం చెప్పాల్సిన రోజు వచ్చింది. మైకు గారు మెడకు మఫ్లరు చుట్టుకొచ్చారు. గొంతు వైపు చూపించి చెయ్యి అడ్డంగా ఊపారు. ఇన్నేళ్ళూ ఏ గొంతు మూతపడాలని మొక్కుకున్నానో అది సరిగ్గా మా అక్క కేసు రోజే మూతపడింది.

అవతలి లాయరు నవ్వుతూ లేచి, "పోయిన భర్తకు వెల కడుతున్నారా అమ్మా?" అన్నాడు.

అక్క ఏదో గొణిగింది. వినపడటం లేదన్నారు జడ్జిగారు. మళ్ళీ గొణిగింది. అక్క మైకు గారి వైపు చూసింది. ఆయన మఫ్లరు సర్దుకున్నారు. నా వైపు చూసింది. నేను సిగ్గుతో నేల చూపులు చూశాను.

"వెల కట్టింది నేను కాదండీ" అంది అక్క. మా అక్క గొంతు అంత ఉంటుందని నాకప్పుడే తెలిసింది. "కొత్త తాడు కంటే మా ఆయన ప్రాణం చవక అనుకుని వాళ్ళు కట్టారు. సిగ్గుపడాల్సింది నేనా?"

అవతలి లాయరు కూర్చున్నాడు. బయట వరండాలో జనం లోపలికి తొంగిచూశారు.

మెట్లు దిగగానే మైకు గారు "ఆటో!" అని కేకేశారు. వీధి చివర పోతున్న ఆటోలు మూడు వెనక్కి తిరిగాయి. మఫ్లరు చంకలో ఉంది.

"గొంతు పోలేదా సార్?" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యేసి, మొట్టమొదటిసారి నా ఒక్కడికే వినపడేలా మాట్లాడారు. "తల దించుకుని వచ్చినవాళ్ళతో నేనూ గుసగుసలాడితే, ఇద్దరం కలిసి ఏదో తప్పు చేస్తున్నట్టుంటుందోయ్. వాళ్ళకు గొంతు వచ్చేదాకా నాది అరువిస్తాను. సాయంత్రానికి ఉప్పు అడిగే ఓపిక కూడా ఉండదు."

పాపం, పెద్దావిడకు చెవుడు లేదు. ఆవిడ ముందు నేను అరిచిన అరుపు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

కేసు గెలిచాక పక్కింటావిడ గోడ దగ్గరికొచ్చి, అక్కకు కోర్టులో ఏదో ఇప్పించారట కదా అని నా చెవిలో అడిగింది. నేనింకా నీళ్ళు నములుతున్నాను. లోపల వంటగది కిటికీ బార్లా తెరుచుకుంది.

"అవును పిన్నిగారూ, గెలిచాం" అంది అక్క.

టీకొట్టాయనకు కూడా వినపడిందట.