వెనక్కి తీసుకున్న సాక్ష్యం

కరోనాకు ముందటి సంవత్సరం. కోయంబత్తూరులో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, ఘనపదార్థాలలో ఎలక్ట్రాన్లు ఎలా మసలుకుంటాయో కంప్యూటరుతో లెక్కకట్టేవాణ్ని. మా ఇల్లు పోదనూరు రైల్వే కాలనీ పక్కన. బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు మాత్రం అక్కడి చిన్న తెలుగు క్రైస్తవ సంఘంలో, ఆదివారపు బడి చాపల మీద దిద్దాను.

నా దగ్గర పిహెచ్‌డి చేస్తున్న సుగుణ మదురై తెలుగింటి పిల్ల. ఒక కొత్త స్ఫటికం కరెంటును పోనివ్వదని, అంటే ఇన్సులేటర్ అని, మేమిద్దరం రాసిన పేపరును ఒక జర్నల్ అంగీకరించింది. అది అచ్చయితేనే ఆమె థీసిస్ ఇవ్వగలదు; థీసిస్ ఇస్తేనే మదురైలో లెక్చరర్ ఉద్యోగం. ఆ ఆదివారం నేను సంఘంలో నిలబడి, దేవునికి స్తోత్రం చెప్పి, ఈ మేలు ఆయన చేసిందేనని అందరి ముందు సాక్ష్యమిచ్చాను.

మంగళవారం సుగుణ ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది.

“సార్, గ్యాప్ లేదు.”

గ్యాప్ అంటే ఎలక్ట్రాన్లు దాటలేని శక్తి అంతరం. అది లేకపోతే ఇన్సులేటరే కాదు.

“ఎట్ల తెలిసె?”

“మెష్ రెండింతలు చేసి చూస్తిని.”

“వద్దంటిని కదమ్మా?”

“అంత గట్టిగా వద్దంటిరి. అందుకే అనుమానం వచ్చె.”

మెష్ అంటే లెక్క కోసం మేం పరిచే చుక్కల వల. చుక్కలు దగ్గరయ్యే కొద్దీ లెక్కకు ఎక్కువ రోజులు పడతాయి. ఇలాంటి మరో స్ఫటికానికి సరిపోయిన వల దీనికీ చాలని చెప్పింది నేనే. రెండు చుక్కల నడుమ ఒక్కచోట గ్యాప్ మూసుకుపోయింది. మా వలకు అది చిక్కలేదు.

“పేపరు లేకుంటే ఆ ఉద్యోగం పోయె. ఇంగ ఏమి చేసేది సార్?”

“నీవే చెప్పమ్మా.”

“చెప్పేదానికే కదా దీన్ని మోసుకొని వస్తిని.”

పేపరు వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాశాం. తప్పు నాదని మొదటి వాక్యంలోనే పెట్టాను. ఉద్యోగం వేరెవరికో వెళ్లింది.

మరుసటి ఆదివారం సంఘంలో మళ్లీ నిలబడి, పేపరు వెనక్కి తీసుకున్నామని చెప్పాను. మా నాన్నతో రైల్వేలో పనిచేసిన సంఘపెద్ద తాత నవ్వాడు.

“ఏమప్పా, పోయిన వారం ఇచ్చిన సాక్ష్యం వాపసా?”

“అవును తాతా. ఆ వారం పేపరు కోసం స్తోత్రం చెప్పినాను. ఈ వారం ఆ పిల్ల కోసం చెప్తాను.”

సుగుణకు ఇంకో ఏడాదిన్నర పట్టింది. వలకు చిక్కని ఆ ఒక్కచోటే ఆమె థీసిస్ అయింది. ఉద్యోగం ఆలస్యంగా, వేరే ఊళ్లో దొరికింది. తాత ఇప్పుడు లేడు. సంఘంలో చాపల చోట ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి.

మంచి ఫలితం వస్తే నాకు ఇప్పటికీ మోకరించాలనే అనిపిస్తుంది. ముందు మెష్ రెండింతలు చేసి చూస్తాను. మోకరించేది ఆ తర్వాత.