పేరు కింద పేరు

ఎనభైల చివర్లో, డిగ్రీ చదువుతున్న రోజుల్లో, మా నాన్న శాక్సఫోన్ ఎక్కడ తయారైందో కనుక్కుందామని బయలుదేరాను. ఊరికే ఉండలేని బుద్ధి నాది. తెనాలిలో పెళ్ళిళ్ళకీ, ఆదివారం చర్చిలోనూ నాన్న వాయించేది దాన్నే. మా ఐదుగురికీ తిండి పెట్టేదీ అదే.

బాపట్లలో ఒక పెళ్ళికి నేనూ వెళ్ళాను. అక్కడ రిటైరైన సంగీతం మాస్టారు దాన్ని చూసి నన్ను పక్కకి పిలిచారు. "ఇది మామూలు సరుకు కాదమ్మా. బొటనవేలు ఆనే చోట నంబరుంటది. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది పట్రా, ఏ కార్ఖానాదో చెప్తా" అన్నారు.

నాన్న నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం రుద్దాను. నంబరు పక్కనే నాన్న పేరుంది. స్టీలు గిన్నెల మీద కొట్టించుకున్నట్టు చుక్కలు చుక్కలుగా కొట్టించుకున్నాడు.

కాగితం పట్టుకెళ్ళి ఇస్తే మాస్టారు పాత పుస్తకం తిరగేశారు. ఫ్రాన్సులో చిన్న కార్ఖానా అట, కొన్నేళ్ళే నడిచిందట. చివరి రెండు అంకెలు అరిగిపోయాయి, అవి తెలిస్తే ఏ ఏడాదిదో కూడా చెప్పవచ్చట. ఆ తర్వాత కాగితాన్ని వెలుతురుకి పెట్టి, "మీ నాన్న పేరు కింద ఇంకో పేరుందేంటి?" అన్నారు.

పాత గిన్నె కొంటే పాత పేరును అలాగే ఉంచి, పక్కన మన పేరు కొట్టిస్తాం. ఉన్న పేరును తొక్కేస్తూ ఎవరూ కొట్టించరు.

రేపల్లె బ్యాండు మాస్టారి దగ్గర కొన్నానని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. అది నిజం కావాలని దారి పొడవునా ప్రార్థన చేసుకుంటూ రేపల్లె రైలెక్కాను. ఆయన పోయి చాలా ఏళ్ళయిందట, భార్య ఉంది. నేనెవరి కూతురినో చెప్పడానికి నోరు రాలేదు.

"బాపట్ల మాస్టారు పంపారండి. శాక్సఫోన్ కొన్న కాగితం ఏమన్నా ఉందేమోనని."

ఆమె బైబిల్లోంచి మడతలు చిరిగిన కాగితం తీసింది. అంకె అంకెకీ నా భయం పెరిగింది. అదే నంబరు. అరిగిపోయిన రెండు అంకెలూ అందులో ఉన్నాయి.

"దాన్ని అమ్మేశారా అండీ?"

"అమ్మటమేంటమ్మా? తెనాలి నుంచి మా ఆయన శిష్యుడొకడొచ్చి, క్రిస్మస్ ఆరాధనకి వాయించి తెచ్చిస్తానండీ అని పట్టుకెళ్ళాడు. మళ్ళీ రాలా. మంచోడే, వస్తాళ్ళే అంటానే పోయాడు మా ఆయన." కాగితం మళ్ళీ మడుస్తూ, "అదెక్కడుందో మీ మాస్టారికి తెలిసిందా అమ్మా?" అంది.

"లేదండి" అన్నాను.

కాగితం నన్నే ఉంచుకోమంది. వాయిద్యం ఎప్పుడన్నా దొరికితే దాంతోపాటే ఉండాలంది.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ కాగితం నాన్న ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు. కోప్పడతాడేమో, ఏడుస్తాడేమో, వెంటనే రేపల్లె వెళదాం పద అంటాడేమో అని ఎదురుచూశాను.

"నువ్వెవరి కూతురివో ఆమెకి చెప్పావా?"

"చెప్పలేదు నాన్నా."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. నా తల నిమిరి, "మంచి పని చేశావమ్మా" అన్నాడు.

అన్ని రోజులూ పడిన భయం ఒక ఎత్తు. ఆ మాట విన్నాక వేసిన భయం ఒక ఎత్తు.