పిలిచినవాళ్లకే

ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో, ఏలూరులో తివాచీలు అమ్మే మేడమ్ దగ్గర ఈమెయిల్ ప్రకటనలు పంపే పని నాది. తొందరకొద్దీ ఎక్కడెక్కడి అడ్రసులకో పంపేశాను. దాంతో మా మెయిళ్లన్నీ స్పామ్‌లో పడి, పాత ఖాతాదారులకూ అందక ఆర్డర్లు ఆగిపోయాయి.

"ఏవండీ, ఈ అడ్రసులవాళ్లు మనల్ని మెయిళ్లు పంపమన్నారా? పిలవని పేరంటానికి మీ అమ్మగారు వెళ్తారా?" అన్నారావిడ. నవ్వుతూనే అన్నందుకు మరింత సిగ్గేసింది.

అడగనివాళ్ల అడ్రసులన్నీ తీయించేశారు. ప్రతి మెయిల్ కిందా 'వద్దనుకుంటే చెప్పండి' అని రాయించారు. ఎవరైనా వద్దంటే నా పక్కన కూర్చుని, 'చెప్పినందుకు సంతోషమండీ' అని జవాబు కొట్టించేవారు.

"వెళ్లిపోయేవాళ్లకి ఇదంతా ఎందుకండీ?" అని విసుక్కున్నాను.

"గుమ్మం దాకా సాగనంపొద్దటండీ?"

మెల్లగా మెయిళ్లు అందసాగాయి, ఆర్డర్లూ వచ్చాయి. ఓరోజు, అంతకుముందు మా మెయిళ్లు వద్దన్న తాడేపల్లిగూడెం మాస్టారొకరు తమ చర్చికి తివాచీ కావాలని రాశారు.

"అయితే మళ్లీ లిస్టులో చేర్చేస్తానండీ" అన్నాను ఉత్సాహంగా.

"ఆయన తివాచీ అడిగారు. మెయిళ్లు అడగలేదు కదండీ" అన్నారావిడ.